పందుంపుల్ల చేసే పని

1683 సెప్టెంబరులో హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణం నుంచి లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం వెళ్లింది. రాసినాయన ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్, బట్టల వర్తకుడు. కాలేజీ చదువు లేదు, లాటిన్ రాదు. స్వయంగా అరగదీసుకున్న కటకాలతో చేతికందిన ప్రతిదాన్నీ పరీక్షగా చూడటం ఆయనకు పిచ్చి. ఆసారి చూసింది తన పళ్ల సందుల్లోని పాచిని. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్లు తోముకుని, పుక్కిలించి, గుడ్డతో రుద్దుకునే మనిషే. తన ఈడువాళ్లలో ఇంత శుభ్రమైన పళ్లు ఎక్కువమందికి ఉండవని కాస్త గొప్పగానే చెప్పుకున్నాడు కూడా. అయినా దవడ పళ్ల మధ్య, కలిపిన పిండిలాంటి తెల్లటి పదార్థం ఉండనే ఉంది. దాన్ని వాననీటిలో కలిపి కటకం కింద పెడితే బుల్లి బుల్లి ప్రాణులు చురుగ్గా ఈదుతూ కనిపించాయి. పుట్టి బుద్ధెరిగాక పళ్లు తోముకోని ఒక ముసలాయన నోట్లోంచి తీసి చూస్తే మరీ ఎక్కువ.

అక్కడితో ఆగలేదు. ఘాటైన ద్రాక్ష వెనిగర్‌తో నోరు పుక్కిలించి, మళ్లీ పాచి గీకి చూశాడు. ప్రాణులు ఇంకా బతికే ఉన్నాయి. ఈసారి పాచిని నీళ్లలో కలిపి, అందులోనే వెనిగర్ పోశాడు. వెంటనే చచ్చాయి. అంటే వెనిగర్‌కు చంపే శక్తి లేక కాదు. పుక్కిలించినప్పుడు పాచి పైపైన ఉన్నవాటినే అది చంపింది, మందాన్ని దాటి లోపలికి పోలేకపోయింది. లీవెన్‌హుక్ సరిగ్గా ఇదే తేల్చాడు.

వెనిగర్ కూడా మొక్క నుంచి వచ్చిందే. కాబట్టి మొక్కల సరుకుతో నోటి సూక్ష్మజీవుల మీద జరిగిన తొలి ప్రయోగాల్లో దీన్ని ఒకటిగా లెక్కేసుకోవచ్చు. నీళ్లలో తేలే బాక్టీరియాకూ పంటికి అంటుకున్న బాక్టీరియాకూ ఉన్న ఆ తేడాను పట్టించుకోనందువల్లే ఈ రంగంలో ఇవాళ్టికీ బోలెడు కాగితం వృథా అవుతోందని నా అభిప్రాయం.

ఎలాగో చెబుతాను. మన దేశంలో దంతవైద్య కళాశాలల్లోనూ ఫార్మసీ కళాశాలల్లోనూ పీజీ విద్యార్థికి తక్కువ ఖర్చులో అయ్యే ప్రయోగం ఒకటుంది. మూత ఉన్న గుండ్రటి గాజు పళ్లెంలో, సముద్రపు నాచు నుంచి తీసిన అగర్ జెల్లీ పోస్తారు. దాని మీద పుప్పిపంటి బాక్టీరియాను దూదిపుల్లతో సమంగా పూస్తారు. లవంగ నూనెలోనో వేపాకు సారంలోనో ముంచిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లను మధ్యలో పెడతారు. 37 డిగ్రీల వేడిలో ఒక రోజు ఉంచుతారు. మర్నాడు తీస్తే పళ్లెమంతా మసకగా బాక్టీరియా పెరిగి ఉంటుంది, బిళ్ల చుట్టూ మాత్రం ఒక వలయం తేటగా కనిపిస్తుంది. ఆ వలయాన్ని స్కేలు పెట్టి కొలిచి, మౌత్‌వాష్‌లలో వాడే క్లోర్‌హెక్సిడిన్ మందు తెచ్చిన వలయం పక్కన పెట్టి పేపరు రాస్తారు. వేప, తులసి, జామాకు, పసుపు, వెల్లుల్లి, దాల్చినచెక్క – ఏది పెట్టినా ఎంతో కొంత వలయం వస్తుంది. మౌత్‌వాష్‌ను మించిన మొక్క దొరికిందనే వార్తలు చాలావరకు ఈ వలయాల్లోంచి పుట్టినవే.

వలయం అబద్ధం కాదు. కాకపోతే అది జవాబిచ్చే ప్రశ్న వేరు. పళ్లెంలో ఆ సారం బాక్టీరియాతో 24 గంటలు కలిసి ఉంటుంది. నోట్లో పుక్కిలించేది అర నిమిషం, ఆపైన లాలాజలం కడిగేస్తుంది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరే ద్రవం అది, ఊరిందాన్ని ఊరినట్టే మింగేస్తుంటాం. ఇంకోటి, అగర్‌లో నీరు ఎక్కువ. నీళ్లలో కరిగే చిన్న అణువులు దూరం పాకి పెద్ద వలయం తెస్తాయి, కరగని నూనెలు బిళ్ల దగ్గరే ఉండిపోతాయి. అంటే వలయం పెద్దదైనంత మాత్రాన మందు గట్టిదని కాదు. ఇక సారం తీయడానికి వాడేది తరచుగా ఇథనాల్ లేదా మిథనాల్. మన తాతలు వేపపుల్లను సారాయిలో నానబెట్టి నమల్లేదు. అన్నిటికన్నా ముఖ్యమైంది, ఆ పళ్లెంలో పూసినవి లీవెన్‌హుక్ నీటిచుక్కలో ఈదినవాటిలా విడివిడి బాక్టీరియా. పాచి కాదు.

పాచి ఎలా కడుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఇప్పుడే తోముకున్న పంటి మీద కొద్ది నిమిషాల్లోనే లాలాజలంలోని ప్రోటీన్లు కంటికి కనిపించని పలుచటి పొరగా పరుచుకుంటాయి. ఈ పొర చెడ్డదేం కాదు, పంటి పైనుండే గట్టి పింగాణీని కాపాడుతుంది కూడా. అయితే కొన్ని స్ట్రెప్టోకోకస్ బాక్టీరియా జాతులకు ఆ ప్రోటీన్లను పట్టుకునే కొక్కేలున్నాయి. అవి ముందుగా వచ్చి అంటుకుంటాయి. వాటిని పట్టుకుని ఇంకొన్ని, వాటి మీద ఇంకొన్ని. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ అనే పరిశోధకుడు పుప్పిపళ్లలోంచి వేరుచేసిన స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ ఈ గుంపులో అసలు మేస్త్రీ. మనం తినే పంచదారను అది ఒక ఎంజైముతో రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను గొలుసులుగా పేర్చి గ్లూకాన్ అనే జిగురు తయారుచేస్తుంది. నీళ్లకు కరగదు ఆ జిగురు. బాక్టీరియా ఆ జిగురులో కూరుకుపోయి పొరలు పొరలుగా పెరుగుతాయి. కోనేటి మెట్ల మీద పాచిని తలచుకోండి: బకెట్ల కొద్దీ నీళ్లు పోసినా పోదు, చీపురుతో గీరితేనే కదులుతుంది. పంటి మీదదీ సరిగ్గా అలాంటిదే. విడిగా ఉన్నప్పుడు చచ్చే మోతాదుకు వంద రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఇచ్చినా జిగురులో ఉన్న బాక్టీరియా తట్టుకుంటుంది.

పన్ను పుచ్చేది కూడా ఈ జిగురు చాటునే. చక్కెర తిని బాక్టీరియా ఆమ్లం వదులుతుందనీ, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందనీ బెర్లిన్‌లో పనిచేసిన అమెరికన్ దంతవైద్యుడు మిల్లర్ 1890లో తన గ్రంథంలో వివరించాడు. పంటి ఉపరితలం దగ్గర పీహెచ్ 5.5 కన్నా తగ్గితే పింగాణీలోని కాల్షియం, ఫాస్ఫేటు కరగడం మొదలవుతాయి. మిఠాయి తిన్న కొద్ది నిమిషాల్లోనే పాచి అడుగున పీహెచ్ ఆ గీతకు దిగిపోతుంది, లాలాజలం దాన్ని మళ్లీ పైకి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. జిగురు మందంగా ఉంటే లాలాజలం అక్కడికి చేరేదీ ఆలస్యమే. ఇదే పాచి చిగుళ్ల అంచున రోజుల తరబడి నిలిస్తే చిగుళ్లు వాచి రక్తం కారుతుంది. లాలాజలంలోని ఖనిజాలు దానిలో దిగి గట్టిపడితే గార. గార కట్టాక మొక్కలతో పనిలేదు, దంతవైద్యుడి పనిముట్లే దిక్కు.

ఇంత చెప్పాక వేపపుల్ల సంగతి. 1996లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దంతవైద్యులు వేపపుల్లల నుంచి నీళ్లతోనే సారం తీసి నోటి స్ట్రెప్టోకోకస్‌ల మీద ప్రయోగించారు. ఒక మిల్లీలీటరుకు 320 మైక్రోగ్రాముల దాకా వేసినా బాక్టీరియా పెరుగుదల ఆగలేదు. పళ్లెం ప్రయోగం వరకే చూసేవాళ్లయితే వేపపుల్లను అక్కడే పక్కన పడేసేవారు. వాళ్లు ఆగలేదు. పంటి పింగాణీకి బదులుగా, లాలాజలం పూసిన హైడ్రాక్సీ అపటైట్ పూసలు తీసుకున్నారు. వేప సారంలో ముంచి తీసిన బాక్టీరియాను ఆ పూసల దగ్గరికి వదిలితే, అంటుకునేవి బాగా తగ్గిపోయాయి. పంచదారతో జిగురు చేసే ఎంజైము పని కూడా మందగించింది. బాక్టీరియా బతికే ఉంది, కానీ అంటుకోలేకపోయింది. అంటుకోని బాక్టీరియాకు నోట్లో ఎక్కడికి పోవాలో తెలుసు: గుటకతో పాటు కడుపులోకి, అక్కడి ఆమ్లంలోకి.

నాకు ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన ఫలితం ఇది. వేపలో ఈ పని చేసేవాటిలో ముఖ్యమైనవి చేదు పదార్థాలు కావు, టానిన్లు. వాటి రుచి వగరు. కరక్కాయ కొరికినప్పుడు, పచ్చి జామకాయ తిన్నప్పుడు, తుమ్మపుల్ల నమిలినప్పుడు నాలుక గరుకుగా, నోరు పిడచకట్టినట్టు అనిపిస్తుంది కదా, అది టానిన్ లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని ముద్దగా విరగ్గొడుతున్నందువల్ల. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న ప్రోటీన్లంటే దానికి మరీ ఇష్టం. పంటి మీద పలుచటి పొరగా పరుచుకునేవాటిలో, తొలి బాక్టీరియా కొక్కెం తగిలించేవాటిలో ఆ ప్రోటీన్లే ఉన్నాయి. కొక్కెం తగిలించే చోటును టానిన్ ముందే ఆక్రమిస్తే బాక్టీరియాకు పట్టు చిక్కదు. బాక్టీరియా ఎంజైములు కూడా ప్రోటీన్లే కాబట్టి అవీ దీని బారిన పడతాయి.

ఈ రసాయనం మన ఊళ్లకు కొత్తది కాదు. తోళ్లు ఊనేవాళ్లు తంగేడు బెరడు, తుమ్మ బెరడు, కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో తోలును రోజుల తరబడి ఊరవేసేవారు. తోలులోని కొల్లాజెన్ ప్రోటీన్‌ను టానిన్ బంధించి కుళ్లకుండా చేస్తుంది. తోలు పదునెక్కడమూ నోరు వగరెక్కడమూ ఒకే చర్య, మోతాదూ వ్యవధీ మాత్రమే వేరు. టానిన్‌కు ఇంకో సుగుణం, అది నీళ్లలో కరుగుతుంది, కాచినా చాలావరకు నిలుస్తుంది. అందువల్ల కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపిన త్రిఫల కషాయంతో పుక్కిలించడం రసాయనపరంగా అర్థమున్న పనే. 8 నుంచి 12 ఏళ్ల బడిపిల్లల్లో వెయ్యిమందికి పైగా తీసుకుని నెలల తరబడి చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. అందులో త్రిఫల మౌత్‌వాష్ పాచినీ చిగుళ్ల వాపునూ తగ్గించడంలో క్లోర్‌హెక్సిడిన్‌తో దాదాపు సమానంగా నిలిచింది. వేపాకు సారంతో జెల్ చేసి మణిపాల్‌లో ఆరు వారాలు పరీక్షించిన వాళ్లూ 2004లో ఇలాంటి ఆశాజనకమైన ఫలితమే చెప్పారు.

వగరు అయింది. ఘాటు దగ్గరికి వద్దాం, ఎందుకంటే దాని తీరు పూర్తిగా వేరు. మొక్కకు పరుగెత్తే వీలు లేదు. బూజు, బాక్టీరియా, పురుగు, మేక ఏది మీదికొచ్చినా నిలబడ్డచోటే తేల్చుకోవాలి. అందుకే చాలా మొక్కలు నూనెలాంటి రసాయనాలు తయారుచేసి చిన్న చిన్న సంచుల్లో దాచుకుంటాయి. మంచి లవంగం తల దగ్గర గోటితో నొక్కితే నూనె చెమరుస్తుంది. మొగ్గ బరువులో 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది, ఆ నూనెలో ముప్పావు వంతు పైచిలుకు యూజెనాల్. వాములో ఘాటు థైమాల్‌ది. రెండూ ఫినాల్ జాతివే. నీళ్లకన్నా కొవ్వంటే వీటికి మక్కువ కనుక బాక్టీరియా చుట్టూ ఉన్న కొవ్వు పొరలోకి దూరి దాన్ని వదులు చేస్తాయి. లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది, శక్తి తయారీ ఆగిపోతుంది. ఇది నిజంగా చంపడమే. టానిన్‌లా తలుపు దగ్గర అడ్డుపడటం కాదు.

వాము కథలో మనకు వాటా ఉంది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ప్రపంచ మార్కెట్లో తిరిగిన థైమాల్‌లో పెద్ద భాగం భారతదేశం నుంచి వెళ్లిన వాము గింజల్లోంచి జర్మనీ కర్మాగారాల్లో తీసినదే. కర్నూలు మార్కెట్ యార్డులో ఈనాటికీ వాము బస్తాలు వేలం వేస్తారు. ఆ థైమాల్‌నే 1879లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జోసెఫ్ లారెన్స్ అనే వైద్యుడు యూకలిప్టస్ నుంచి వచ్చే యూకలిప్టాల్, పుదీనా జాతి నుంచి వచ్చే మెంథాల్, వింటర్‌గ్రీన్ నూనెలోని మిథైల్ శాలిసిలేట్‌తో కలిపి ఒక ద్రావణం తయారుచేశాడు. శస్త్రచికిత్సలో క్రిమినాశకాలు ప్రవేశపెట్టిన జోసెఫ్ లిస్టర్ పేరు మీద దానికి లిస్టరిన్ అని పేరు పెట్టారు. మొదట గాయాలు కడగడానికి, తర్వాత నేల తుడవడానికి కూడా అమ్మి, చివరికి నోటి దుర్వాసన మందుగా కోట్లు గడించారు. ‘ఇంగ్లీషు మందు’ అని మనం అనుకునే ఆ సీసాలో నాలుగూ మొక్కల్లో దొరికే పదార్థాలే. థైమాల్ అందులో 0.064 శాతం. ఆరు నెలల పాటు మనుషుల మీద చేసిన పరీక్షలు దీనికి ఒకటికి నాలుగున్నాయి. బ్రష్ చేసుకుంటూ దీన్ని పుక్కిలించినవారిలో పాచి, చిగుళ్ల వాపు కొంత తగ్గాయి. మొక్కల నూనెల్లో ఇంత గట్టి సాక్ష్యం మరోదానికి లేదు.

అలాగని ఇంట్లో వాము మరగబెట్టి పుక్కిలిస్తే అంతే ఫలితం వస్తుందా అంటే, రాదు. వాము నీళ్లు కాగుతుంటే ఘాటు వీధి దాకా వస్తుంది. నూనె ఆవిరితో ఎగిరిపోతోందని ముక్కే చెబుతోంది. గిన్నె మీద మూతపెట్టి, దించాక చల్లారనిచ్చి వడగట్టుకుంటే కొంత మిగులుతుంది. టానిన్ ఉన్న సరుకు ఎంత కాచినా ఫరవాలేదు, నూనె ఉన్న సరుకుకు మూత కావాలి. ఆకులన్నిటినీ ఒకే గిన్నెలో వేసి ఉడకబెట్టమనే చిట్కాలు చదివినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొస్తుంది.

లవంగం పేరు ప్రతి పంటినొప్పి చిట్కాలోనూ ఉంటుంది కానీ, అక్కడ అది చేసే మేలు బాక్టీరియాను చంపడం వల్ల కాదు. యూజెనాల్ నరాల్లో సోడియం దారులను మూసి నొప్పి సంకేతాన్ని అడ్డుకుంటుంది. దంతవైద్యులు యూజెనాల్‌ను జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక సిమెంటుగా వందేళ్లకు పైగా వాడుతున్నారు. వాళ్ల క్లినిక్‌లో అడుగుపెట్టగానే కొట్టే వాసన చాలావరకు దీనిదే. నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. లవంగ నూనె దూది పెట్టుకుని నెలలు నెట్టుకొచ్చి, వేరు కింద చీము పట్టాక డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పైగా పలుచన చేయని నూనె చిగురుకు తగిలితే తెల్లగా కాలుతుంది. పసిపిల్లలు మింగితే కాలేయానికే ప్రమాదం.

హైదరాబాదులో మక్కా మసీదు చుట్టుపక్కల వీధుల్లో, రంజాన్ నెలలో మరీ ఎక్కువగా, కట్టలు కట్టి అమ్మే మిస్వాక్ పుల్లది ఇంకో దారి. సాల్వడోరా పెర్సికా అనే పొద వేరు అది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2008లో ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. సారం ఏదీ తీయకుండా మిస్వాక్ ముక్కనే కొన్ని పళ్లాల్లో జెల్లీలో గుచ్చారు, ఇంకొన్నిటిలో జెల్లీకి తగలకుండా పైన వేలాడదీశారు. వేలాడదీసిన ముక్క కూడా కింద ఉన్న బాక్టీరియాను చంపింది. అంటే ఏదో ఆవిరి దిగుతోంది. 2011లో దాన్ని గుర్తించారు: బెంజైల్ ఐసోథయోసయనేట్, ఆవాలకు ముక్కు అదిరే ఘాటునిచ్చే రసాయనం కుటుంబంలోది. చిగుళ్ల జబ్బుతో సంబంధమున్న బాక్టీరియా మీద అది గట్టిగా పనిచేసింది, పుప్పిపంటి మ్యూటాన్స్ మీద అంతగా లేదు. ఆవిరి కనుక పుల్ల ఎండేకొద్దీ పోతుంది. కొత్త పుల్ల కొసన కొరికితే నాలుక చురుక్కుమంటుంది. ఆ చురుకు పోయాక కొస కత్తిరించి కొత్త కుంచె చేసుకోవాలని మిస్వాక్ వాడేవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇందాకటి నుంచి క్లోర్‌హెక్సిడిన్ పేరు వస్తోంది, దాని సంగతీ చూడాలి, ఎందుకంటే ప్రతి మొక్కనూ దానితోనే పోలుస్తారు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే దంతవైద్యుడు 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నాడు. ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక దాదాపు వారంలో తగ్గాయి. చిగుళ్ల వాపుకు పాచే కారణమని అంత సూటిగా చూపిన ప్రయోగం అంతకు ముందు లేదు. 1970లో అదే బృందం, తోముకోకపోయినా 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే పాచి కట్టదని చూపింది. దాని బలం చంపడంలో కన్నా నిలవడంలో ఉంది. ధనావేశమున్న అణువు కావడంతో పంటికీ చిగురుకూ అంటుకుని గంటల తరబడి కొంచెం కొంచెంగా ఊడుతుంది. పుక్కిలించి ఉమ్మేసిన తర్వాత కూడా పని జరుగుతూనే ఉంటుంది. మొక్కల నూనెల్లో చాలావాటికి లేనిదీ, టానిన్‌కు కొంత ఉన్నదీ ఈ గుణమే.

అయితే క్లోర్‌హెక్సిడిన్ కొన్ని వారాలు వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, ఉప్పు రుచి సరిగా తెలియదు. ఇంకో సంగతి ఈమధ్య బయటపడింది. మన నోట్లో 700కు పైగా బాక్టీరియా జాతులున్నాయి, వాటిలో పనికొచ్చేవి చాలా. పాలకూర, తోటకూర తిన్నప్పుడు వచ్చే నైట్రేటును నాలుక మీది బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. ఒంట్లో దాని నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను సడలిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వారం రోజులు క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలిస్తే రక్తపోటు కాస్త పెరిగిందని లండన్ పరిశోధకులు 2013లో చూపించారు. నోటిని పూర్తిగా శుద్ధి చేయాలనే కోరికే తప్పని దీనితో తేలిపోయింది. అందరినీ చంపే మొక్క దొరికినా మనకు అక్కర్లేదు. అంటుకోవడాన్ని ఆపేది, జిగురును తయారుకానివ్వనిది కావాలి. వలయాలు కొలిచే పేపర్లను చూసి నాకు చిరాకు పుట్టేది ఇందుకే.

మనుషుల మీద పరీక్షలకూ చిక్కులున్నాయి. చేదునూ వగరునూ దాచడం కష్టం, వేప పుక్కిలిస్తున్నానని రోగికి మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. పరీక్షలో ఉన్నామని తెలిసిన మనిషి మామూలుకన్నా శ్రద్ధగా తోముకుంటాడు. చాలా పరీక్షలు మూడు వారాలతో ముగుస్తాయి, పన్ను పుచ్చడానికేమో నెలలు, ఏళ్లు కావాలి. చెట్టు చెట్టుకూ, లేతపుల్లకూ ముదురుపుల్లకూ, ఎండాకాలానికీ వానాకాలానికీ సారంలో ఉండేవి మారిపోతాయి.

పుల్ల విషయంలో మరీ పెద్ద చిక్కు, మందును పనిముట్టు నుంచి విడదీయలేకపోవడం. వేలెడు మందం వేపపుల్ల, జానెడు పొడవు. బెరడుతో సహా కొస నమిలితే మొదట చేదు నోరంతా పాకుతుంది, వెంటనే లాలాజలం ఊరుతుంది. అలా ఊరిన లాలాజలంలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఎక్కువ, ఇది సగం వైద్యం. ఐదు నిమిషాలకు నార విడి కుంచెలా అవుతుంది. టానిన్ నిండిన నార పంటి మీద రుద్దుకుంటుంది, పాచి పొర తెగుతుంది, తెగిన చోట టానిన్ తగులుతుంది. లీవెన్‌హుక్ వెనిగర్ ఆగిపోయిన గడపను ఈ నార దాటిస్తుంది. చివర్లో పుల్లను నిలువునా చీల్చి నాలుక గీసుకోవడంతో పని పూర్తి. నేటి బ్రష్‌తో పోలిస్తే లోటు కూడా ఇక్కడే ఉంది: ముందుపళ్లు బాగా శుభ్రమవుతాయి, దవడపళ్ల లోపలివైపుకు పుల్ల తిరగదు. మరీ గట్టిగా అడ్డంగా రుద్దేవాళ్లకు చిగుళ్లు కిందికి జారి వేర్లు బయటపడతాయి. ఉత్తరేణి వేరుకూ కానుగపుల్లకూ కూడా ఈ మంచీ చెడూ రెండూ వర్తిస్తాయి.

‘మొక్కే కదా, ఏం చేస్తుంది’ అనేవాళ్లకు ఒక అమెరికన్ ఉదాహరణ. బ్లడ్‌రూట్ అనే మొక్క నుంచి తీసిన సాంగ్వినరిన్ పాచిని తగ్గిస్తుందని తేలి, వయాడెంట్ పేరుతో పేస్టు, మౌత్‌వాష్ అక్కడ ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. 1990ల చివర్లో, అవి వాడినవారిలో పైదవడ చిగుళ్ల ముందు తెల్లమచ్చలు ఎక్కువగా కనిపిస్తున్నాయని దంతవైద్యులు గమనించారు. అలాంటి మచ్చలు కొన్ని క్యాన్సరుగా మారే అవకాశం ఉన్నవి. ఆ పదార్థాన్ని తయారీలోంచి తీసేశారు. మన చేలగట్ల మీద ముళ్లతో, పచ్చటి పూలతో పెరిగే బ్రహ్మదండి గింజల్లోనూ ఉన్నది ఇదే సాంగ్వినరిన్. ఆ గింజల నూనె ఆవనూనెలో కలవడం వల్లే 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా చనిపోయారు. ఇంకా దగ్గరి ఉదాహరణ తాంబూలం. తమలపాకులోని హైడ్రాక్సీచవికాల్ బాక్టీరియాను అడ్డుకుంటుంది, నిజమే. దానితో పాటు నమిలే వక్కను 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. పొగాకు కలిపిన పళ్లపొడులు కూడా ‘మూలికల’ పేరుతోనే చెలామణి అయ్యాయి, 1992లో కేంద్రం వాటిని నిషేధించేదాకా.

ఇక ఏ మొక్కా చేయలేని పని ఒకటి మిగిలింది. పాచి తగ్గించడం ఒక ఎత్తు, ఆమ్లానికి కరిగిన పింగాణీలోకి ఖనిజాలు తిరిగి చేరడం ఇంకో ఎత్తు. ఆ రెండో పనికి ఫ్లోరైడ్ తోడ్పడినట్టు వేప గానీ వాము గానీ తోడ్పడవు. హెర్బల్ పేస్టులు కొన్నిటిలో ఫ్లోరైడ్ ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న ఆకుల బొమ్మలు కాక, వెనకవైపు సన్న అక్షరాలు చదివితేనే తెలుస్తుంది. సుమారు 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రాత్రి ఒకసారి తోముకునేవాళ్లు పొద్దున్న వేపపుల్ల వేసుకుంటే పేచీ ఏమీ లేదు.

తెలుగు నేల మీద ఈ మాటకు ఒక మినహాయింపు చెప్పక తప్పదు. భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ మోతాదు మించి పళ్లు పచ్చబడి, ఎముకలు వంకరపోయే జబ్బు 1937 నాటికే అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో నమోదైంది. నల్లగొండ సంగతి దేశమంతా ఎరిగినదే. నదీజలాలు పైపుల్లో వచ్చాక చాలా ఊళ్లలో పరిస్థితి మెరుగుపడింది గానీ, ఇంకా బోరునీళ్లే తాగే ఇళ్లున్నాయి. అక్కడ పంటి మచ్చలు పడేది పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంటే మొదటి ఏడెనిమిదేళ్లలో మింగిన ఫ్లోరైడ్ వల్ల. కాబట్టి ఉమ్మడం రాని పిల్లలకు పేస్టు బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బఠాణీగింజంత మించి వేయకూడదు. తోమేటప్పుడు పెద్దవాళ్లు పక్కన నిలబడాలి. తాగేనీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న ఊరైతే, పసిపిల్లలకు ఆ కాస్త పేస్టు కూడా వాడాలా వద్దా అన్నది నీళ్ల పరీక్ష కాగితం చేత పట్టుకుని దంతవైద్యుణ్ని అడగాల్సిన ప్రశ్న.